ఎత్తిపెట్టిన వీడియో

ముందుగా ఈ పని గురించి

తిరుపతిలో రైల్వే స్టేషన్ వెనక వీధిలో మా దుకాణం ఉండేది. బోర్డు మీద కంప్యూటర్ సర్వీసు అని ఉండడంతో ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నవాళ్ళు, మౌస్ కదలనివాళ్ళు అందరూ వచ్చేవారు. అవీ చేసేదాన్ని, అద్దె కట్టాలి కదా. నా అసలు పని మాత్రం వేరు. ఇళ్ళల్లో, ఫోటో స్టూడియోల్లో, చిన్న ఆసుపత్రుల్లో కంప్యూటర్లో దాచుకున్నవి పోకుండా ఏర్పాటు చేయడం, అయినా పోతే వెతికి తీయడం. ఈ పని చేస్తానంటే మా బంధువుల్లో సగం మంది ఇప్పటికీ నేను టీవీలు బాగుచేసేదాన్ననే అనుకుంటారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కొందరు ఏ కోర్సు చదవాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని అడుగుతుంటారు. ఆ విషయంలో నన్ను అడిగి లాభం లేదు. నేను కష్టపడి నేర్చుకున్న సాఫ్ట్‌వేర్లలో చాలావాటి పేర్లు కూడా ఇప్పుడు ఎవరికీ తెలియవు. మనుషులు చేసే పొరపాట్లు మాత్రం మారలేదు. నాకు తెలిసిందల్లా వాటి గురించే, అందుకే వాటినే రాస్తున్నాను.

ఇప్పుడు ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించే ఏర్పాటు ఇది. రూటర్ పక్కన ఒక చిన్న పెట్టె, దాంట్లో రెండు హార్డ్ డిస్కులు. ఇంట్లో ఏ ఫోన్ నుంచైనా, ఏ కంప్యూటర్ నుంచైనా వైఫై మీద అందులోకి పంపవచ్చు, అందులోంచి తీసుకోవచ్చు. మరి ఆ పెట్టే చెడిపోతే ఎలా అని దాని వెనక ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలిస్తారు. రోజూ ఒక వేళకు పెట్టెలో ఉన్నదంతా డిస్కులోకి వెళుతుంది. దీన్నే సింక్ అంటారు. చాలామంది దీన్ని బ్యాకప్ అనుకుంటారు. కొంప మునిగేది అక్కడే.

సింక్ అంటే రెండు చోట్లా ఒకేలా ఉండడం. పెట్టెలోకి ఒక ఫోటో వచ్చి చేరితే డిస్కులోకీ వచ్చి చేరుతుంది. బాగానే ఉంది. పెట్టెలోంచి ఒకటి పోతే డిస్కులోంచి కూడా పోతుంది. ఈ రెండో మాట ఎంత చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు. తల ఊపుతారు, కాఫీ ఇస్తారు, మరిచిపోతారు.

గోవిందస్వామి గారు

నాకు పని నేర్పింది గోవిందస్వామి గారు. సొంత దుకాణం పెట్టకముందు ఆయన దగ్గర పనిచేశాను. మాట దురుసు. తప్పు ఎవరిదైనా ముందు పక్కవాణ్ణి తిట్టేవాడు. జీతం అడిగితే ఊరికి పోయేవాడు. ఆయన గురించి మంచిగా రాయమంటే చాలా కష్టపడాలి. కానీ ఆయన నుంచి ఒకటి నేర్చుకున్నాను.

ఎవరైనా బ్యాకప్ ఉందండీ అంటే ఆయన నమ్మేవాడు కాదు. "యాడుందో చెప్పొద్దు. తెరిచి చూపించు" అనేవాడు. పెద్ద కళాశాల ప్రిన్సిపాల్ అయినా సరే, అక్కడే కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫైలు తెరిపించేవాడు. సగం మందికి తెరుచుకునేది కాదు. వాళ్ళు కోప్పడేవారు, ఈయన ఇంకా గట్టిగా కోప్పడేవాడు. ఆ గోల భరించలేక నేను సందు చివరికి వెళ్ళి నిలబడేదాన్ని.

ఆయన నుంచి రెండో పాఠం ఆయన తప్పు వల్ల నేర్చుకున్నాను. ఒక వకీలు గారి డిస్కులో ఫైళ్ళు చెరిగిపోయాయి. వకీలు గారు పక్కనే నిలబడి తొందరపెడుతున్నారు. స్వామి గారు ఆ డిస్కులోనే వెతికి, దొరికినవాటిని ఆ డిస్కులోనే దాస్తూ పోయారు. చెరిగిన ఫైలు ఆ క్షణానే మాయమవదు. దాని చోటు ఖాళీ అని డిస్కులో ఒక గుర్తు పడుతుంది, అంతే. ఇంకేదైనా వచ్చి ఆ చోట కూర్చునేదాకా అది అక్కడే ఉంటుంది. స్వామి గారు వెతికి తీసిన ఫైళ్ళే వెళ్ళి ఇంకా దొరకనివాటి మీద కూర్చున్నాయి. మధ్యాహ్నానికల్లా దొరకాల్సినవి కూడా దొరక్కుండా పోయాయి. ఆయన ఆ వకీలు గారితో డిస్కు ముందే చెడిపోయి ఉందని చెప్పారు. అబద్ధం. ఆ రోజు ఆయన మీద నాకు అసహ్యం వేసింది, ఇప్పటికీ పోలేదు.

అప్పటి నుంచి ఎవరు ఎంత తొందరపెట్టినా ముందు డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కులోకి యథాతథంగా తీసుకుని, ఆ ప్రతి మీదే వెతికేదాన్ని. అసలుదాన్ని పక్కన పెట్టేసేదాన్ని. ఈ ఒక్క అలవాటు లేకపోయి ఉంటే కింద రాయబోయేది వేరేగా ముగిసేది.

ఖాజా ఫోన్

ఖాజాది చిత్తూరు. మార్కెట్ వైపు ఒక సందులో ఫోటో స్టూడియో, దాని మీదే ఇల్లు. కాణిపాకంలో జరిగే పెళ్ళిళ్ళు ఎక్కువగా అతనే తీస్తాడు. డిస్కులు నా దగ్గర కొనేవాడు. పెట్టె మాత్రం ఫోన్లో వీడియోలు చూసి తనే ఏర్పాటు చేసుకున్నాడు. అందులో మిర్రర్ అని ఒక పద్ధతి ఉంటుంది, పైన చెప్పిన సింకే అది, అద్దంలో లాగా రెండు చోట్లా ఒకేలా. ఫోటోలు తీసేవాడు కాబట్టి ఆ మాట నచ్చి దాన్నే ఎంచుకుని, పొద్దునా సాయంత్రం నడిచేలా పెట్టుకున్నాడు. చెరిపినవి కొన్నాళ్ళు దాచి ఉంచే చెత్తబుట్ట ఒకటి ఉంటుంది, చోటు తింటోందని దాన్ని ఆపేశాడు.

నేను దుకాణం మూసేయాలని అనుకుంటున్న ఏడాది, ఒక పొద్దున ఫోన్ చేశాడు. మామూలుగా అతను సలాం చెప్పి, బాగుండారా అని అడిగి, వానల గురించి మాట్లాడి అప్పుడు విషయానికి వస్తాడు. ఆ రోజు అవేవీ లేవు.

"అక్కా, పాప వీడియోలు లేవక్కా. పెట్టెలో లేవు, డిస్కులో లేవు. ఎల్లుండి వేలూరికి పోవల్ల."

అతని కూతురు ముబీనాకు ఏడేళ్ళు. నాలుగేళ్ళ వయసు నుంచి ఫిట్స్. వేలూరులో చూపిస్తున్నారు. ఫిట్స్ వచ్చినప్పుడల్లా వీడియో తీయమని అక్కడి డాక్టరు చెబితే, తీసి అన్నీ పెట్టెలో దాచారు. తీసినవన్నీ ఫిట్స్ మొదలయ్యాక పరిగెత్తుకెళ్ళి ఫోన్ తెచ్చి తీసినవే. ఒక్కటి తప్ప. మొట్టమొదటిసారి వచ్చినప్పుడు పాప ఏదో పాట చెబుతుంటే తల్లి షాహీన్ సరదాగా వీడియో తీస్తోంది. ఫిట్స్ ఎలా మొదలయ్యాయో ఆ ఒక్కదాంట్లోనే ఉంది.

ఇప్పుడు డాక్టరుకు కావలసింది అదే. మందులు మొదలుపెట్టాక ఫిట్స్ తీరు మారిపోయింది, వస్తే ఒళ్ళంతా ఒకేసారి బిగుసుకుపోతోంది. మందులు లేనప్పుడు ముందు ఏ చెయ్యి కదిలిందో తెలిస్తే తలలో ఎటువైపు నుంచి పుడుతోందో తెలుస్తుందట. అది తెలియకపోతే పాపను ఆసుపత్రిలో పెట్టుకుని, మందులు ఆపేసి, తలకు వైర్లు తగిలించి, ఫిట్స్ వచ్చేదాకా చూడాలి. ఒకసారి మందుల షాపులో ఆ మందు లేక తప్పిపోయినప్పుడు వచ్చిన ఫిట్స్, పాపను ఎత్తుకుని వేలూరికి బయల్దేరితే కాట్పాడి దాటేదాకా ఆగలేదు. పెదవులు నీలంగా అయిపోయాయి. ఆ పాపకు మళ్ళీ తెలిసి తెలిసి మందులు ఆపడమంటే ఆ తల్లిదండ్రులకు ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

ఇదంతా అతను చెబుతుండగానే వెనక నుంచి ఎవరో కాణిపాకం పెళ్ళి ఫోటోలు ఎక్కుతున్నాయి అనడం వినిపించింది. పెళ్ళి ఫోటోలు పెట్టెలోకి, పెట్టెలోంచి డిస్కులోకి. ఒక్కొక్కటీ వచ్చి చెరిగిన వీడియోల చోట కూర్చుంటోంది. పెట్టెలో ఇక ఏమీ మిగిలి ఉండదు, ఆశ ఉంటే డిస్కులోనే. డిస్కు తీగ వెంటనే పీకెయ్యమన్నాను. ఆ పెళ్ళి ఫోటోలకు ఇంకో ప్రతి లేదని, మధ్యలో పీకితే పాడైపోతాయని, ఆ పెళ్ళివాళ్ళు చంపేస్తారని అతను నసిగాడు.

"ఖాజా, పెళ్ళివాళ్ళను అడిగి ఇంకోసారి తీయవచ్చు. తీగ పీకు. ఇప్పుడే పీకు. పీకి చెప్పు."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత పీకేసినానక్కా అన్నాడు. పెళ్ళి మళ్ళీ తీయవచ్చు అనడం అర్థం లేని మాటే, ఆ పూట అంతకంటే మంచి మాట నాకు తోచలేదు.

ఈడ తీసి ఆడ పెట్టినాను

వాళ్ళు తిరుపతికి బయల్దేరే లోపల, అసలు ఏం జరిగిందో నేను ఫోన్లో ఆరా తీశాను. చెరిగినదాన్ని వెతికే ముందు ఎలా చెరిగిందో తెలియాలి. ఇది కొత్తవాళ్ళు ఎప్పుడూ వదిలేసే పని. సాఫ్ట్‌వేర్ తెరుస్తారు గాని మనిషిని అడగరు.

స్టూడియోలో ఖాజాకు తోడుగా పనిచేసేది బామ్మర్ది రఫీ, షాహీన్ తమ్ముడు. పెళ్ళిళ్ళ కాలం, పెట్టెలో చోటు చాలక ఎవరో ఒకరు ఏదో ఒకటి చెరిపేస్తూ ఉంటారు. వేలూరికి తీసుకెళ్ళాల్సినవి కూడా కాబట్టి ముందురోజు మధ్యాహ్నం ఖాజా రఫీకి ఫోన్ చేసి, పాప వీడియోలన్నీ డిస్కులో ఎత్తిపెట్టు అన్నాడు.

మా వైపు ఎత్తిపెట్టడం అంటే భద్రంగా దాచడం. పండక్కి కొన్న చీర ఎత్తిపెడతాం, అతిథి కోసం కూర ఎత్తిపెడతాం, పిల్లలు విరగ్గొడతారని గాజు గిన్నెలు ఎత్తిపెడతాం. అమ్మ నోటి నుంచి ఆ మాట వినని మనిషి చిత్తూరు చుట్టుపక్కల ఉండడు. ఖాజా చెప్పిన ఉద్దేశం ఇంకో ప్రతి తీసి భద్రం చెయ్యమని. కానీ చీరను ఎత్తిపెడితే మంచం మీద ఇంకో చీర మిగలదు కదా.

రఫీతో మాట్లాడాలని అడిగాను. ఫోన్ తీసుకున్నాడు. నేను అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు. బావ అప్పటికే గట్టిగా తిట్టినట్టున్నాడు.

"ఎత్తిపెట్టమన్నాడు, ఎత్తిపెట్టినానక్కా. ఈడ తీసి ఆడ పెట్టినాను. డిస్కులో ఉండాయని చూసుకునే ఇంటికి పోయినాను."

కాపీ కొట్టావా, కట్ కొట్టావా అని అడిగాను. కట్ అన్నాడు. ఎత్తడం అంటే కట్ కాక ఇంకేమిటి. అతను వెళ్ళేటప్పటికి వీడియోలు నిజంగానే డిస్కులో ఉన్నాయి. సాయంత్రం సింక్ నడిచింది. పెట్టెలో చూసింది, పాప వీడియోలు లేవు. డిస్కులో చూసింది, ఉన్నాయి. రెండూ ఒకేలా ఉండాలని కదా దానికి చెప్పారు. పెట్టెలో లేనివి డిస్కులో ఎందుకని అన్నీ చెరిపేసింది. చెప్పిన పని తప్పకుండా చేసింది. రఫీ కూడా చెప్పిన పనే చేశాడు.

ఖాజా మళ్ళీ ఫోన్ తీసుకుని బామ్మర్దిని ఏదో అనబోతే నేను గట్టిగానే చెప్పాను, ఇంకోసారి ఆ పిల్లోణ్ణి తిడితే డిస్కు వెనక్కి తీసుకుపొమ్మంటానని. నేను ఇన్నేళ్ళలో చూసిన నష్టాల్లో చాలావరకు మంచి ఉద్దేశంతో భద్రం చేయబోయినవాళ్ళ చేతుల్లోనే జరిగాయి. తప్పు ఎవరిదని వెతుక్కునే ఇళ్ళల్లో ఎవరూ నిజం చెప్పరు. నిజం చెప్పకపోతే నాకు దారి దొరకదు. రఫీ భయపడి కాపీయే కొట్టానని ఉంటే నేను ఒక పూటంతా తప్పు చోట వెతికేదాన్ని.

ప్రతి తీసేదాకా

ఖాజా, షాహీన్ ఒక కారు మాట్లాడుకుని వచ్చారు. పాపను నాయనమ్మ దగ్గర వదిలి వచ్చారు. డిస్కును షాహీన్ చీర కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

ముందు తేలిక దారులు అడిగాను. ఆ పాత ఫోన్ ఉందా? పగిలిపోయి ఎప్పుడో మార్చేశారు. వాట్సాప్‌లో ఎవరికైనా పంపారా? ఎవరికీ పంపలేదు. పాప మేనత్తకైనా, చిత్తూరు డాక్టరుకైనా? లేదు. మొట్టమొదటి ఫిట్స్ వీడియో ఉంచుకుని ఇన్నేళ్ళు ఒక్క డాక్టరుకు కూడా చూపించకపోవడం ఏమిటని నాకు విచిత్రంగా తోచింది. ఎందుకని అడిగితే షాహీన్ ముఖం తిప్పుకుంది. ఖాజా నేల చూశాడు. ఆ ఇంట్లో ఏదో ఉందని అర్థమైంది గాని అది నా పని కాదనుకున్నాను.

డిస్కు ప్రతి తీయడం మొదలుపెట్టాను. పెద్ద డిస్కు, గంటల పని. తెరమీద ఒక గీత మెల్లగా నిండుతూ ఉంటుంది. చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. మధ్యాహ్నం దాకా ఖాజా ఓపిక పట్టాడు. తర్వాత దుకాణంలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

"ఈ కాపీకే పొద్దంతా పోతాండాది కదక్కా. నేరుగా దాంట్లోనే ఎతికితే ఏమయితాది?"

వకీలు గారి కథ చెప్పాను. విన్నాడు గాని అతనికి నచ్చలేదు. అతని స్థానంలో నేనున్నా నచ్చేది కాదు. అంతలో గీత ఆగిపోయింది. డిస్కు లోపల ఏదో తట్టినట్టు చిన్న చప్పుడు వస్తోంది. మా పనిలో ఆ చప్పుడు విన్నవాళ్ళెవరూ మరిచిపోరు, డిస్కు ప్రాణం పోయే ముందు అలాగే చప్పుడు చేస్తుంది. వాళ్ళకు తెలియనివ్వకూడదని ముఖం మామూలుగా పెట్టుకుని, ఆపి, తీగ మార్చి, డిస్కు మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పి, ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. చప్పుడు పోయింది. గీత కదిలింది. నేను వెనక గదిలోకి వెళ్ళి నీళ్ళు తాగి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ప్రతి పూర్తయింది. దాంట్లో వెతకడం మొదలుపెడితే చెరిగిన వీడియోలు దొరుకుతూ వచ్చాయి. ఇలా దొరికేవాటికి పేర్లుండవు, తేదీలుండవు. వరసగా అంకెలుంటాయి, అంతే. ఏది ఏమిటో తెరిచి చూస్తేనే తెలుస్తుంది. పెళ్ళి వీడియోల మధ్య పాప వీడియోలు. ఎవరు గుర్తుపట్టాలి? ఖాజా కొన్ని చూసి ఇది ఎప్పటిదో తెలియదన్నాడు. అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న షాహీన్ లేచి వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చుంది.

ఒక్కొక్కటే తెరిచాను. పాప నేల మీద, పాప మంచం మీద, పాప బడి బట్టల్లో. ప్రతి దాంట్లో ఆ చిన్న శరీరం బిగుసుకుని కొట్టుకుంటూ ఉంది. షాహీన్ ప్రతిదీ చూసి, ఇది కాదక్కా, దీంట్లో ముందు పళ్ళు ఊడిపోయుండాయి, అప్పటికి ఊడలేదు అని, ఇది కాదక్కా, ఈ గౌను తర్వాత కుట్టించినాము అని చెబుతూ పోయింది. ఒక తల్లి చేత అన్నిసార్లు అది చూపించాల్సి వచ్చిందే అని నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు.

విరిగిన ఫైలు

చివరికి తెరుచుకోనిది ఒక్కటే మిగిలింది. మిగతావేవీ కావు కాబట్టి కావలసింది అదే. పెళ్ళి ఫోటోలు దాని చివరి భాగం మీద వచ్చి కూర్చున్నాయి. వీడియో ఎలా చదవాలో చెప్పే సమాచారం చాలా ఫోన్లలో ఫైలు చివర ఉంటుంది. అది పోతే ముందు భాగం బాగానే ఉన్నా కంప్యూటర్‌కు దాన్ని చదవడం రాదు.

దీనికి ఒక దారి ఉంది. అదే ఫోన్‌తో తీసిన బాగున్న వీడియో ఇంకొకటి దొరికితే, దాన్ని చూసి విరిగినదాన్ని చదివించవచ్చు. పాత బట్ట కొలత పెట్టి కొత్తది కత్తిరించినట్టు. ఆ పాత ఫోన్‌తో తీసినదేదైనా ఉందా అని వెతికాం. ముబీనా పుట్టినరోజుది ఒకటి చెక్కుచెదరకుండా దొరికింది. కేకు మీద క్రీము ముక్కుకు పూసుకుని నవ్వుతోంది. ఆ రోజంతా మేము చూసిన మొదటి మంచి వీడియో అది. షాహీన్ దాన్ని ఇంకోసారి పెట్టమంది.

దాన్ని ఆధారం చేసుకుని విరిగిన ఫైలును నడిపించాను. బొమ్మ వచ్చింది. మధ్య మధ్య గళ్ళు గళ్ళుగా చెదిరిపోతోంది. ఉత్త గోడ ముందు ఒక చిన్న పిల్ల నిలబడి పాట చెబుతోంది. పాట అయిపోయింది. ఒక చెయ్యి లేచింది, గాలిలో ఆగి వణకడం మొదలుపెట్టింది. అంతే, అక్కడ తెగిపోయింది. డాక్టరుకు కావలసింది సరిగ్గా ఆ ముక్కే. ఖాజా రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

సౌండు కూడా వచ్చింది. చెయ్యి లేచినప్పుడు ఫోన్ వెనక నుంచి ఒక ఆడగొంతు ఉర్దూలో ఏదో కసిరింది. అది వినగానే షాహీన్ లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఖాజా చెప్పాడు. వాళ్ళింట్లో పాట చెప్పాక పెద్దవాళ్ళకు సలాం చేయాలి. పాప చెయ్యి తప్పుగా ఎత్తిందని, కావాలని ఆటలాడుతోందని షాహీన్ కోప్పడింది. ఆ మరుక్షణం పాప పడిపోయింది. ఒంట్లో బాగాలేని బిడ్డను తిట్టానని ఆమె ఇప్పటికీ కుమిలిపోతోంది. అందుకే ఆ వీడియో ఎవరికీ చూపించనివ్వలేదు. ఆ రోజు నుంచి పాపను ఒక్క మాట కూడా అనదు. పాప అన్నం పారబోసినా, పుస్తకాలు చించినా ఏమీ అనదు. పిల్ల కూడా అమ్మ ఎందుకిలా ఉందో అర్థంకాక బిక్కమొహం వేసుకుని చూస్తుంటుందట.

షాహీన్ లోపలికి వచ్చింది. కళ్ళు తుడుచుకుని ఉంది.

"అక్కా, బొమ్మ చాలు గదా డాక్టరుకు. ఆ మాటలు తీసేసి ఈయండక్కా."

అది నాకు చిటికెలో పని. ఆమెను చూస్తే తీసేసి ఇవ్వాలనే అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ వెతికి తీసినదాన్ని నేను ఎప్పుడూ కత్తిరించలేదు. దొరికింది దొరికినట్టు ఇవ్వాలి. దేంట్లో ఏది పనికొస్తుందో మనకేం తెలుసు? అదే చెప్పాను.

"నేను కత్తిరించనమ్మా. ఆడికి పోయినాక సౌండు తగ్గించుకుని చూపించుకో. ఫైలు మాత్రం ఇట్లే ఉండనీ."

ఆమె వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. నా మీద కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. రెండు పెన్ డ్రైవుల్లో వేసి ఒకటి అతనికి, ఒకటి ఆమెకు ఇచ్చాను. ఇద్దరి చేతా నా ముందే తెరిపించి చూశాకే పంపించాను.

వేలూరు నుంచి

వాళ్ళు వేలూరు వెళ్ళిన రోజు నేను ఏ పనీ చేయలేకపోయాను. మధ్యాహ్నం దాటాక ఖాజా ఫోన్ చేశాడు.

డాక్టరు తమిళం మాట్లాడే పెద్దాయన. వీడియో సౌండు లేకుండా చూశాడు. మళ్ళీ చూశాడు. లేచిన చెయ్యి ఏది, ఇది ఫోన్ ముందు కెమెరాతో తీశారా, వెనక కెమెరాతోనా అని అడిగాడు. పాప తనను తాను చూసుకుంటూ పాడుతుందని ముందు కెమెరాతోనే తీశారు. ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు అద్దంలో లాగా కుడిని ఎడమగా తిప్పి దాస్తాయి, కొన్ని తిప్పవు, మీ ఫోన్ ఏం చేసేది అని ఆయన అడిగాడు. ఎవరికి తెలుసు? ఫోన్ లేదు. వెనక ఉత్త గోడ, కుడి ఎడమలు పట్టిచ్చేది ఏదీ లేదు. అంత కష్టపడి తీసింది ఏ చెయ్యో చెప్పలేకపోతోంది. డాక్టరు మందులు ఆపే తేదీ గురించి మాట్లాడడం మొదలుపెట్టాడట. కెమెరా అలా తిప్పుతుందనే సంగతి నాకు తట్టనే లేదు.

అప్పుడు షాహీన్ చెయ్యి చాపి, తనే సౌండు పెంచింది.

గదిలో ఆ కసురు వినిపించింది. డాక్టరు ఆ ఆడమనిషి ఏమంటోంది అని అడిగాడు. ఖాజా చెప్పబోతే ఆమె ఆపింది.

"అది నేనే సార్. ఎడం చేత్తోనా సలాం చేసేది అని తిట్టినాను. సలాం కుడిచేత్తోనే చేయల్ల. నేను బిడ్డకు ఎదురుగా ఉండాను. ఎడమది లేసిందనే తిట్టినాను."

డాక్టరు ఇంకోసారి అడిగాడు, ఎడమేనా అని. ఆమె ఎడమే అంది. ఆయన పాత స్కాన్ తీసి వెనక లైటు వెలిగే పలక మీద పెట్టి చాలాసేపు చూశాడు. తలలో కుడివైపు ఉన్న చిన్న మచ్చకూ ఎడమ చేతికీ కుదిరింది, ఎడమ చేతిని నడిపేది తలలో కుడివైపేనట. మందులు ఆపక్కర్లేదు, మందులు వాడుతూనే చేసే పరీక్షలతో ముందుకు పోదామని చెప్పాడు. అమ్మా, మీరు తిట్టబట్టే తెలిసింది అన్నాడట.

ఖాజా ఇది చెప్పి ఫోన్ షాహీన్‌కు ఇచ్చాడు. ఆమె అక్కా అంది. అవతల ఆసుపత్రి వరండాలో గోల, బండ్ల చప్పుడు, ఎవరివో పిలుపులు వినిపిస్తున్నాయి. ఉన్నట్టుండి ఆమె ఫోన్ పక్కకు తీసి ఒక్క అరుపు అరిచింది.

"ముబీనా, యాడికి పరిగెత్తుతాండావు? రోడ్డు మీద బండ్లు పోతాండేది కనపడలేదా? రా ఈడికి."

వెంటనే పాప గొంతు, నవ్వుతూ, వస్తున్నానమ్మీ అంది.